చెరువు మన్ను తోలిన చేను

తిరుపతిలో భూసార పరీక్షలు చేసే ఒక ల్యాబులో ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసి రెండేళ్ల కిందట రిటైరయ్యాను. రైతులు తెచ్చిన మన్ను పొట్లాలు విప్పడం, ఆరబెట్టడం, జల్లెడ పట్టడం, సీసాల్లో పోసి ఊపడం, వచ్చిన అంకెను చూసి ఏ ఎరువు ఎంత వేయాలో కార్డు మీద రాయడం, ఇదీ నా ఉద్యోగం. ఈ మధ్య కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు ముగ్గురు ఇంటికి వచ్చి, "సార్, మీ అనుభవాలు రాసిపెట్టండి, మాకు పనికొస్తాయి" అన్నారు. పనికొస్తాయో లేదో నాకు తెలియదు. ఎందుకంటే నాకు బాగా గుర్తున్నవన్నీ నేను తికమకపడిన సంగతులే. ప్రమోషన్లు, బదిలీలు, ఇన్‌స్పెక్షన్ల గొడవ ఎవరైనా చెబుతారు, అవి అందరికీ ఒకలాగే ఉంటాయి. నాకు ఇప్పటికీ తేలని ఒక చేను కథ రాస్తాను.

ఊరి పేరు రాయను. శ్రీకాళహస్తికి పోయే దారిలో బస్సు దిగి మెట్ట వైపు నడిచి పోవలసిన పల్లె అనుకోండి. పేరు రాస్తే ఆ ఊరి వేరుశనగ రేపు ఎవరూ కొనరు. రాయకపోతే ఎవరో ఒకరు తెలియక కొని తింటారు. చూశారా, రెండో పేరాకే ఏది సరో నాకు తెలియకుండా పోయింది.

చెరువు మన్ను

మా వైపు మెట్ట చేలన్నీ ఎర్ర గరప నేలలు. వాన పడిన నాలుగో రోజుకే ఆరిపోతాయి. అందుకని ఎండాకాలంలో చెరువు ఎండగానే అడుగున ఉన్న నల్లటి పూడిక మన్ను తవ్వి చేలకు తోలుకుంటారు. మా తాతల నాడు ఎద్దుల బండ్లు, ఇప్పుడు ట్రాక్టర్లు. ఆ మన్ను తేమ పట్టి ఉంచుతుంది, కొంత బలమూ ఇస్తుంది. మా శాఖ వాళ్లం కూడా ఎక్కడ మీటింగు పెట్టినా మొదట చెప్పే మాట అదే, చెరువు మన్ను తోలుకోండని. నేనే కొన్ని వందల సార్లు చెప్పి ఉంటాను. నోటికి వచ్చేసిన మాట. అలా నోటికి వచ్చేసిన సలహాలతో జాగ్రత్తగా ఉండాలని ఇప్పుడు అంటున్నాను గానీ, అప్పుడు నాతో ఎవరైనా అంటే నవ్వేవాణ్ని.

ఆ పల్లెలో బడి వరండాలో మీటింగు పెట్టినప్పుడు మునెమ్మ అనే ఆమె వెనక వరుసలోంచి లేచింది. యాభై దాటిన మనిషి. భర్త పోయాక ఎకరన్నర చేను ఒంటి చేత్తో చేసుకుంటోంది. ఆమెకున్న ఆధారమంతా ఆ చేనే.

"సార్, మా చెరువు మన్ను ఏందో ఒక మాదిరి వాసనొస్తాండాది. తోలుకోవచ్చునా?" అని అడిగింది.

"చెరువు మన్ను వాసన రాకుండా పన్నీరు వాసన వస్తుందా ఏమమ్మా? ఆకూ అలమూ కుళ్లితేనే కదా సారం!" అన్నాను.

అందరూ నవ్వారు. ఆమె కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి కూర్చుంది. ఆ ఎండాకాలమే చేనంతటికీ మన్ను తోలింది. ఆ వరండాలో ఉన్నవాళ్లందరిలో సరైన ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే, ఆమెను చూసి అందరూ నవ్వేలా చేసింది నేను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది.

జింకు ముద్ర

తొలి వానలకు మునెమ్మ చెనిక్కాయ వేసింది. వేరుశనగను మా వాళ్లు అనే మాట అదే. నెల తిరిగేసరికి మొక్కలు ఎదగకుండా బెత్తెడు దగ్గరే నిలిచిపోయాయి. ఆకులు పాలిపోయి పసుపు రంగుకు తిరిగాయి. ఓ ఇరవై మొక్కలు పీకి సంచిలో పెట్టుకుని బస్సెక్కి ల్యాబుకు వచ్చింది.

"పక్క చేన్లో బాగుండాది సార్. మన్ను తోలిన నా చేన్లోనే ఇట్లుండాది. ఏందో సూడండి" అంది.

నేను ఆకు తిప్పి చూశాను. జింకు లోపం అన్నాను. ఇక్కడ మా ల్యాబు సంగతి ఒకటి చెప్పాలి. జింకు, ఇనుము లాంటివి కొలిచే యంత్రం మా దగ్గర చాలాకాలంగా రిపేరులో ఉండేది. ఆ చుట్టుపక్కల ఎర్ర నేలల్లో జింకు తక్కువన్నది చాలా చేలకు నిజమే. అందుకని మేము ఏం చేశామంటే, "జింకు లోపం" అని ఒక రబ్బరు ముద్ర చేయించుకుని కొలవకుండానే అన్ని కార్డుల మీదా కొట్టేవాళ్లం. మునెమ్మ కార్డు మీదా అదే కొట్టాను. ఆమె జింకు సల్ఫేటు చల్లింది. ఏమీ మారలేదు.

తరువాత వచ్చినప్పుడు విత్తనానికి పట్టించే రైజోబియం పొడి ప్యాకెట్టు గురించి అడిగాను. పప్పుజాతి మొక్కలకు వేళ్ల మీద బుడిపెలు పుట్టించే సూక్ష్మజీవులు ఆ పొడిలో ఉంటాయి. ఎండ తగిలితే చచ్చిపోతాయి.

"ప్యాకెట్టు ఎట్లా తెచ్చుకున్నావు?"

"సంచిలో పెట్టుకోని బస్సులో తెచ్చినా సార్. కిటికీ పక్కన కూసున్నా."

"ఇంకేం, ఎండ తగిలింది. అందుకే పని చేయలేదు."

"అయితే నా తప్పేనా సార్?"

"నీ తప్పే" అన్నాను. నాకు ఒక కారణం దొరికిందన్న నిశ్చింత. ఆమె తల ఊపి వెళ్లిపోయింది. ఆ ఏడు ఆమెకు విత్తనం తిరిగి వచ్చిందంతే.

కొత్తవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదొకటి. మనకు కారణం తెలియనప్పుడు రైతు చేసిన పొరపాటు ఏదో ఒకటి ఎప్పుడూ చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది. మీ చెయ్యి దాని మీదికి పోతున్నప్పుడు ఒక్క క్షణం ఆపండి.

గుర్రప్ప తవ్విన వేళ్లు

రెండో ఏడు కూడా అదే రంగు, అదే ఎత్తు. ఈసారి ఆమె వచ్చిన రోజు మా అటెండరు గుర్రప్ప అక్కడ సీసాలు కడుగుతున్నాడు. పెద్దగా చదువుకోలేదు గానీ నాకంటే ముందు నుంచీ ఆ ల్యాబులో ఉన్న మనిషి. సంచిలోని మొక్కలు చూసి నాతో అన్నాడు, "సార్, ఎప్పుడూ పీకిన మొక్కలే సూస్తాండాం. పీకితే అసలుది మన్నులోనే తెగి ఉండిపోతాది. పోయి తవ్వి సూద్దాం పాండి."

పోయాం. గుర్రప్ప గడ్డపారతో మొక్క చుట్టూ వెడల్పుగా తవ్వి, పెళ్లతో సహా పైకి తీసి బకెట్లో నీళ్లల్లో నానబెట్టాడు. మన్ను దానంతటదే విడిపోయింది. మునెమ్మ చేనుకూ పక్క చేనుకూ మధ్య ఉన్నది ఒక గెనెం, అంటే గట్టు. గట్టుకు అవతల, మన్ను తోలని చేలోంచి తీసిన మొక్క వేళ్ల నిండా కొర్ర గింజల్లాంటి బుడిపెలు. గుర్రప్ప ఒకదాన్ని గోరుతో నొక్కితే లోపల గులాబి రంగు. ఆ రంగు ఉంటేనే బుడిపె పని చేస్తున్నట్టు, గాలిలోని నత్రజని పట్టి మొక్కకు ఇస్తున్నట్టు. పప్పు పంటలకు యూరియా పెద్దగా అక్కర్లేకపోవడం ఆ బుడిపెల పుణ్యమే.

గట్టుకు ఇవతల మునెమ్మ మొక్కకు వేళ్లు పొట్టిగా, గోధుమ రంగులో మొద్దుబారి ఉన్నాయి. వెతికితే నాలుగు బుడిపెలు దొరికాయి. నొక్కితే లోపల తెల్లగా ఉన్నాయి. మొక్క ఆకలితో ఉంది, అంతే. ఆ పసుపు రంగు జింకుదీ కాదు, ప్యాకెట్టుదీ కాదు. ఇరవై ఏళ్లు దాటిన నా సర్వీసులో నేను చూసినవన్నీ పీకిన మొక్కలేనని నాకు అప్పుడు తట్టింది.

గుర్రప్ప చేతులు కడుక్కుంటూ మునెమ్మను అడిగాడు, "ఈ చెరువుకి నీళ్లు యాడ్నుంచి వస్తాయమ్మా?"

"అద్దో, ఆ కాలవెంబడి వస్తాయి నాయనా."

ఆ కాలవ వెంబడి నడిచాం. మైలు దూరంలో కప్పు లేని రెండు షెడ్లు, చుట్టూ నల్లటి ప్లాస్టిక్ ముక్కలు. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించిన చోటు. నడిపినవాళ్లు ఎవరో, ఎప్పుడు వదిలేసి పోయారో ఊళ్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. వాన వస్తే ఆ నేల కడిగిన నీళ్లన్నీ కాలవలోకి, కాలవలోంచి చెరువులోకి.

"ఈ పక్క మేం మేకల్ని తోలం సార్" అంది మునెమ్మ. "ముందొకసారి ఈడ మేసిన రెండు మేకలు తిరుక్కోని తిరుక్కోని పడిపోయినాయి."

"ఈ మాట నాకెందుకు చెప్పలేదు?"

"మీరడగలా సార్. మీరడిగింది ప్యాకెట్టు గురించి."

గుర్రప్ప నా మొహం చూడకుండా పక్కకు తిరిగాడు.

గడి లేని లోహం

సీసం, కాడ్మియం లాంటి బరువు లోహాలు మా ల్యాబులో కొలవరు. నమూనాలు బయటి పెద్ద ల్యాబుకు పంపడానికి అనుమతి కావాలి. మా పైఅధికారి దగ్గరికి ఫైలు తీసుకుపోయాను. ఆయన కార్డు ఒకటి తీసి నా ముందు పెట్టాడు.

"సీసానికి దీంట్లో గడి ఎక్కడుందో చూపించవయ్యా."

"లేదు సార్."

"గడి లేనిదాన్ని కొలిచి ఎక్కడ రాస్తావు?"

ఆ రోజు ఆయన మీద నాకు చాలా కోపం వచ్చింది. బయటికి వస్తూ తలుపు కాస్త గట్టిగానే వేశాను. సాయంత్రం ఆయనే నన్ను మళ్లీ పిలిచి కూర్చోబెట్టాడు. "నేను ఆలోచించకుండా అనలేదు. ఫలానా ఊళ్లో విషం ఉందని రేపు పేపర్లో వచ్చిందనుకో. నీ మునెమ్మ ఎకరన్నరతో ఆగుతుందా? ఆ చెరువు కింద ఉన్నవాళ్లందరి పంటా ఆగిపోతుంది. వాళ్లకు ఎవరు సమాధానం చెప్పాలి, నువ్వా?" అన్నాడు. ఆయన పిరికివాడని ఇప్పటికీ అనుకుంటాను. ఆయన చెప్పిన మాటలో తప్పు మాత్రం ఇప్పటికీ పట్టుకోలేకపోతున్నాను. పై అధికారులు పూర్తిగా చెడ్డవాళ్లయితే మన ఉద్యోగం ఎంతో సులువుగా ఉండేది.

చివరికి నాకు తెలిసిన ఒక ప్రొఫెసరు గారి ద్వారా సొంతంగా నమూనాలు పంపాను. మన్ను, వేళ్లు, గింజలు వేరువేరుగా, మూడు చోట్లకు. ఒకచోట పొరపాటు పడినా మిగతా రెండూ నిజం చెబుతాయన్నది నా తెలివి.

మూడు కాగితాలు

మూడు కాగితాలూ మూడు మాటలు చెప్పాయి. మన్నులో సీసం బాగా ఎక్కువ ఉందని అన్నీ ఒప్పుకున్నాయి. దానికితోడు కాస్త కాడ్మియం. వేళ్లలోనూ సీసం ఉంది. అక్కడిదాకా సరే. గింజలో ఈ రెండు లోహాల దగ్గరికి వచ్చేసరికి ఒక కాగితం ఆహారంలో ఉండదగ్గ హద్దు దాటిందంది, ఒకటి హద్దుకు కిందే ఉందంది, మూడోది అసలు కనబడలేదంది.

నేను ఆ మూడూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని చాలా రోజులు చూశాను. ఒకటే చేను, ఒకటే పంట. ట్రాక్టరు మన్ను ఒకచోట కుప్పగా పడి ఇంకోచోట పలచగా పడి ఉండవచ్చు. సీసం మామూలుగా వేళ్లలోనే ఆగిపోతుంది, గింజదాకా ఎక్కేది తక్కువ. కాడ్మియం అలా ఆగదు, ఎక్కుతుంది. అయితే చెనిక్కాయ మిగతా పప్పుల్లాగా పైన కాసేది కాదు, మన్నులోనే ఊరేది. పొట్టుకు అంటిన మన్ను గింజకు అంటుకున్నా అంకె పెరుగుతుంది. అక్కడికి వచ్చేసరికి నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఆ గింజలు ఒలిచింది నేనే. చేను గట్టు మీద కూర్చుని, మన్ను తవ్విన చేతులతోనే, కడుక్కోకుండా ఒలిచాను. అయితే ఆ ఎక్కువ అంకె గింజదా, నా చేతులదా? ఇప్పటికీ తెలియదు. మీరు మాత్రం చేతులు కడుక్కోండి, కాయలు కూడా కడిగి ఆరబెట్టి ఒలవండి. ఇది చాలా చిన్న మాట, నా మొత్తం పనిని పాడుచేసిన మాట.

కాగితాలు తీసుకుని మునెమ్మ ఇంటికి పోయాను. ఆమె మనవరాలు నాలుగేళ్ల పాప అరుగు మీద ఆడుకుంటోంది. కొడుకూ కోడలూ తిరుపతిలో హోటలు పనికి పోతారు, పాపను ఈమే పెంచుతోంది. అరగంట సేపు హద్దులు, మోతాదులు, మనిషి బరువు అన్నీ వివరించాను. ఆమె అంతా విని ఒకటే అడిగింది.

"ఇంతకీ తినొచ్చునా, తినకూడదా సార్? ఈ పాప దినామూ పిడికెడు తింటాది, అందుకడగతాండా."

"అన్ని కాగితాలూ ఒక మాట చెప్పడం లేదమ్మా. బాగా కడిగి, తక్కువగా తింటే పరవాలేదనుకుంటా."

"తక్కువంటే ఎంత సార్? పిడికెడా, అర పిడికెడా? నా పిడికిలా, దాని పిడికిలా?"

నేను మళ్లీ కాగితం వైపు చూశాను. ఆ ప్రశ్నకు దాంట్లో జవాబు లేదని తెలిసే చూశాను.

"పోనీ పైన పరిచిన మన్ను ఎత్తి తీసేస్తే మంచిది" అన్నాను, ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి.

"తోలమనిందీ మీరే, తియ్యమనేదీ మీరేనా సార్? సరే, తీస్తా. తీసి యాడ పోసేది? పక్కోళ్ల చేన్లోనా, మళ్లా చెరువులోనా?"

నిజంగా ఎక్కడ పోయాలి? ఇరవై ఏడేళ్లు మన్నుతో పనిచేసిన నాకు చెడిపోయిన మన్ను ఎక్కడికి పోవాలో తెలియదు. ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉండి ఉంటే నాకు ఇంకా తేలికగా ఉండేది.

పచ్చబడ్డ చేను

ఆఖరికి చేయగలిగింది చేశాం. సున్నం, బాగా మాగిన పశువుల ఎరువు, పూత దశలో జిప్సం. సున్నమూ ఎరువూ కలిస్తే లోహం మన్నుకే అతుక్కుని మొక్కకు తక్కువ దొరుకుతుందని పుస్తకాలు చెబుతాయి. మునెమ్మ రెండేళ్లు చెప్పిందంతా చేసింది. రెండో ఏడు చేను పచ్చబడింది. గుర్రప్ప గడ్డపార భుజాన వేసుకుని తనే ముందు నడిచాడు. తవ్వితే వేళ్ల మీద బుడిపెలు. నొక్కితే గులాబి రంగు.

"వచ్చేసినాయి సార్!" అని అరిచాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఉద్యోగంలో అంత సంతోషం నాకు మళ్లీ కలగలేదు. మునెమ్మ మా ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. ఆ ఏడు ఆమె చేను చూడటానికి పక్క ఊరి వాళ్లు కూడా వచ్చారు.

ఆ పచ్చటి చేలోంచి గింజలు తీసి, ఈసారి చేతులూ కాయలూ అన్నీ కడిగి, ఇంకో నమూనా పంపాను. అంతా బాగుందన్న ఒక్క కాగితం కోసం పంపాను. నేను రిటైరయ్యే నెలలో అది వచ్చింది. సీసం తగ్గింది. కాడ్మియం మాత్రం ముందటి మూడు కాగితాల్లో ఎక్కువ చూపించినదాని కంటే కొంచెం పైన ఉంది.

మొక్క పసుపుగా కుంగిపోయినప్పుడు తక్కువ, పచ్చగా ఏపుగా ఉన్నప్పుడు ఎక్కువా? ప్రొఫెసరు గారికి ఫోను చేశాను. మొక్క బలంగా ఉంటే మన్నులోంచి అన్నీ బలంగానే లాగుతుందన్నారు. జింకు ఎక్కడా కొలవలేదు కదా, అది తక్కువైతే కాడ్మియం ఎక్కువ ఎక్కవచ్చన్నారు. ఒక్క నమూనాను నమ్మలేమన్నారు. చివరికి "ఖచ్చితంగా చెప్పలేమండీ" అన్నారు. ఆయన మంచివారు, తెలియదని ఒప్పుకున్నారు.

నా ఉద్యోగమంతా నేను ఒక నమ్మకం మీద నడిపాను. పంట కళకళలాడితే నేల బాగున్నట్టు. బుడిపె గులాబిగా ఉంటే గండం గడిచినట్టు. మొక్క ఆరోగ్యం వేరు, దాన్ని తినేవాడి ఆరోగ్యం వేరు అని ఆ కాగితం అంటోందా? లేక అది కూడా ఒక తప్పుడు కాగితమేనా? జబ్బు పడిన పంట తన జబ్బు కనీసం చూపిస్తుంది, రైతు జాగ్రత్త పడతాడు. పచ్చటి పంటను ఎవరు అనుమానిస్తారు?

ఆ కాగితం మునెమ్మకు చూపించలేదు. ఒక్క నమూనాయే కదా అనుకున్నాను. రిటైర్మెంటు హడావిడి అనుకున్నాను. వాళ్లను మళ్లీ భయపెట్టడం ఎందుకనుకున్నాను. అవన్నీ సాకులు. రెండేళ్లు కష్టపడి చేను పచ్చబరుచుకున్న మనిషి ముందు నిలబడి ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. అలిపిరి దగ్గర ఉడకబెట్టిన చెనిక్కాయల బండి కనబడినప్పుడల్లా ఇవి ఏ ఊరివో అనిపించేది. అనుకుని నడిచిపోయేవాణ్ని.

ఊరిబిండి

మొన్న కారులో శ్రీకాళహస్తికి పోయి వస్తూ మనసొప్పక ఆ పల్లె దగ్గర ఆపించి దిగాను. మునెమ్మ నన్ను చూసి గెనెం మీద నుంచే పరుగులాంటి నడకతో వచ్చింది.

"మీరు చెప్పినట్టే చేస్తాండా సార్. సూడండి ఎట్ల కాసిందో! తినకుండా పోతే నేనొప్పుకోను."

మధ్యాహ్నం వేళ. లోపల చాప వేసి కూర్చోబెట్టింది. పాప ఇప్పుడు బడికి పోతోంది, ఆ రోజు సెలవు. నా పక్కనే తన కంచం తెచ్చుకుని కూర్చుంది. రాగి సంగటి ముద్ద, పక్కన ఊరిబిండి. ఊరిబిండి అంటే వేయించిన చెనిక్కాయలు నూరి చేసే పచ్చడి, మా వైపు సంగటికి అదే జత.

"చెనిక్కాయలు ఎక్కడివమ్మా?" అన్నాను, మామూలుగా అడిగినట్టు.

"ఎక్కడివేంది సార్, మన చేన్లోవే. మీకు కొన్నవి పెడతానా?"

సంగటి తుంచి మజ్జిగలో ముంచుకుని తిన్నాను. ఇంకో ముద్దా అలాగే తిన్నాను. నా చెయ్యి ఊరిబిండి వైపు పోవడం లేదు. నేను పోనీయడం లేదు.

"ఊరిబిండి అంటుకోలేదే సార్?"

"ఈ మధ్య కారం పడడం లేదమ్మా. కడుపులో మంట."

"దాంట్లో కారం యాడుండాది సార్? పాప తింటాదని ఒక్క మిరపకాయ గూడా ఎయ్యకుండా సప్పగా నూరినా."

నేను తల ఎత్తలేదు. ఆమె చూపు నా కంచం మీద, ముట్టని ఊరిబిండి మీద ఆగింది. తరువాత పాప కంచం మీదికి పోయింది. లేచి వచ్చి ఆ కంచం తీసేసింది. పాప ఎందుకో అర్థం కాక ఏడుపు మొదలుపెట్టింది. మునెమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి, పాప చేతిని వేలు వేలుగా కడిగింది.

"ఇన్నేండ్లుగా అడగతానే ఉండా సార్, తినొచ్చునా, తినకూడదా అని. మీరు కాగితాలు సూపిస్తా వచ్చినారు" అంది.

అప్పుడు చెప్పాను. చివరి కాగితం సంగతి, దాన్ని నేను దాచిన సంగతి, నాకు ఇప్పటికీ ఏదీ తేలలేదన్న సంగతి, అన్నీ. వినేటప్పుడు ఆమె మొహంలో ఏముందో చూసే ధైర్యం చాల్లేదు.

"ఇన్నాళ్లూ ఇది తినిందానికి ఏం చేసేది సార్?"

పాపకు రక్త పరీక్ష చేయించాలన్నాను. ఎక్కడ చేస్తారని అడిగింది. ఎక్కడ చేస్తారో ఆ నిమిషాన నాకు తెలియదు. కనుక్కుని, నేనే వచ్చి తీసుకుపోతానన్నాను. ఆమె పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని సరేనంది. గడప దాటుతుంటే వెనక నుంచి పిలిచింది.

"సార్, ఆ కాగితం వస్తే మీ చేతికి ఇయ్యద్దని చెప్పండి వాళ్లకి. నాకే ఇయ్యమనండి. ఏం రాసుండినా నేను సదివించుకుంటా."

అలాగే చెబుతానన్నాను.